ముందు నీళ్లు, ఆ తర్వాతే పొట్లాలు

2016 నవంబరు 14. అర్ధరాత్రి దాటి రెండు నిమిషాలైంది. న్యూజిలాండ్ దక్షిణ దీవిలో 7.8 తీవ్రతతో భూమి కంపించింది. తీరాన ఉన్న కైకోరా అనే చిన్న పట్నానికి అటూ ఇటూ కొండచరియలు విరిగి ఒకటో నంబరు జాతీయ రహదారి మీద పడ్డాయి. రైలు పట్టాలు కట్ట మీద నుంచి ఊడి బీచి వైపు జారిపోయాయి. తిమింగలాలను చూద్దామని వచ్చిన వందలాది పర్యాటకులు, ఊరి జనం కలిసి దారీతెన్నూ లేక చిక్కుబడిపోయారు. వాళ్లకు అన్నం పెట్టింది టకహంగా మరాయె, అంటే స్థానిక మావోరీల సామూహిక ప్రాంగణం. కొద్ది రోజుల్లోనే అక్కడ వేల భోజనాలు వడ్డించారు. ఆ తీరానికి పేరు తెచ్చిన ఖరీదైన క్రేఫిష్ కూడా పళ్లేల్లోకి వచ్చింది. నౌకాదళానికి చెందిన కాంటర్‌బరీ ఓడ వచ్చి వందల మందిని ఎక్కించుకుపోయింది. తెగిన రహదారి మళ్లీ తెరుచుకునేసరికి 2017 డిసెంబరు 15 అయింది.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. ఇంట్లో ఏం దాచుకోవాలి? బజారు దగ్గర జవాబులు బోలెడు. వేడినీళ్లు పోస్తే చాలు తయారయ్యే ఫ్రీజ్ డ్రైడ్ భోజనం పొట్లాలు, మూడు రోజులకు సరిపోతుందని చెప్పి అమ్మే బ్యాక్‌ప్యాకులు, చేత్తో తిప్పే రేడియోలు, నీటి ఫిల్టర్లు, సోలార్ దీపాలు, మడత టాయిలెట్లు. అన్నీ అవసరమేననిపిస్తాయి, అన్నీ కొనాలంటే జేబుకు చిల్లే. ఏది ముందు, ఏది వెనుక అని తేల్చడానికి ఒక్కటే నమ్మదగిన కొలమానం ఉంది. 2011 నుంచి ఈ దేశంలో వచ్చిన విపత్తులు నిజంగా దేన్ని తెంచాయో చూడడం.

లోకం కళ్లకు ఆశ్రయం, ఊరి జనానికి భూకంపం

బయటి ప్రపంచంలోని ప్రెప్పర్లకు, అంటే ప్రళయం ఎప్పుడో వస్తుందని ముందే సర్దుకుని కూర్చునేవాళ్లకు, న్యూజిలాండ్ ఒక కలల దీవి. సిలికాన్ వ్యాలీ కుబేరుడు పీటర్ థీల్‌కు 2011లో ఇక్కడి పౌరసత్వం వచ్చింది. అప్పటికి ఆయన ఈ దేశంలో గడిపింది పన్నెండు రోజులేనని 2017లో బయటపడినప్పుడు పెద్ద దుమారమే రేగింది. వానకా సరస్సు దగ్గర ఆయన 193 హెక్టార్ల భూమి కొన్నారు. అక్కడ కట్టదలచిన విలాసవంతమైన లాడ్జికి 2022లో స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. 2021లో బ్రిటన్‌లోని ఆంగ్లియా రస్కిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రపంచ వ్యవస్థలు కుప్పకూలితే తట్టుకోగల దేశాల జాబితా వేస్తే న్యూజిలాండ్ అగ్రస్థానంలో నిలిచింది. తక్కువ జనాభా, పచ్చని పొలాలు, జలవిద్యుత్తు, చుట్టూ సముద్రం. కాగితం మీద అంతా బాగానే ఉంది. అయితే 2022లో మార్స్‌డెన్ పాయింట్‌లోని ఏకైక చమురు శుద్ధి కర్మాగారం ఆ పని మానేశాక, బళ్లకు పోసే పెట్రోలూ డీజిలూ మొత్తం ఓడల మీద రావలసిందే.

అణుయుద్ధాన్ని తప్పించుకోవడానికి పరదేశి ఇక్కడికి వస్తానంటాడు. ఇక్కడ పుట్టినవాడికి భయం కాళ్ల కిందే ఉంది. దక్షిణ దీవి పొడవునా దాదాపు 600 కిలోమీటర్లు సాగే ఆల్పైన్ ఫాల్ట్ అనే భూమి చీలిక చివరిసారి పెద్ద ఎత్తున కదిలింది 1717 ప్రాంతంలో. రాబోయే యాభై ఏళ్లలో అది మళ్లీ కదిలే అవకాశం 75 శాతమని, కదిలితే తీవ్రత 8 దాటే అవకాశం అయిదింట నాలుగు వంతులని శాస్త్రవేత్తల అంచనా. ఉత్తర దీవికి తూర్పున సముద్రంలో హికురాంగి భ్రంశ మండలం ఉంది. అది పెద్దగా కదిలితే సునామీ తీరం చేరడానికి నిమిషాలు చాలు.

ఏది ముందు తెగుతుంది

2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం క్రైస్ట్‌చర్చ్‌ను కుదిపేసిన భూకంపంలో 185 మంది చనిపోయారు. బతికి బయటపడ్డవారికి, ముఖ్యంగా నగరం తూర్పు పేటల్లో ఉన్నవారికి, ఆ తర్వాతి వారాల్లో నరకం చూపించింది నీళ్లు, మురుగు. నేల కింది ఇసుక, నీరు కలిసి బురదై పైకి ఉబికింది. గొట్టాలు ఎక్కడికక్కడ విరిగాయి. కుళాయి రాలేదు, టాయిలెట్ పనిచేయలేదు. వీధి వీధికీ తాత్కాలిక టాయిలెట్లు దింపారు, ఇంటింటికీ రసాయన టాయిలెట్లు పంచారు. చాలామంది పెరట్లో గొయ్యి తవ్వుకుని చుట్టూ గుడారం కట్టుకున్నారు. విద్యార్థుల స్వచ్ఛంద సేన పారలు పట్టుకుని వీధుల్లో బురద ఎత్తిపోసింది.

2023 ఫిబ్రవరిలో వచ్చిన గాబ్రియెల్ తుపాను వేరే పాఠం చెప్పింది. పదకొండు మంది ప్రాణాలు తీసిన ఆ తుపానుకు ప్రభుత్వం దేశ చరిత్రలో మూడోసారి జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. హాక్స్ బేలో రెడ్‌క్లిఫ్ సబ్‌స్టేషన్ మునగడంతో నేపియర్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేక సెల్ టవర్లు పడుకున్నాయి. గిస్బోర్న్‌కు వెళ్లే కేబుళ్లు తెగి ఊరు ఊరంతా మూగబోయింది. పట్నానికి నీళ్లు తెచ్చే పెద్ద గొట్టమూ దెబ్బతింది. కార్డు గీకే యంత్రాలు పనిచేయకపోయేసరికి, జేబులో నోటు పెట్టుకునే అలవాటే పోయిన దేశంలో నగదు కోసం వెతుకులాట మొదలైంది. సమాచారం తెలిసే దారి చాలామందికి ఒక్కటే మిగిలింది: రేడియో. రేడియో న్యూజిలాండ్‌ను 2002 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రాణాధార సేవల జాబితాలో చేర్చింది ఇందుకే.

తెలుగువారికి ఇదేమీ కొత్త కథ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కూడా కరెంటు, సెల్ సిగ్నల్, కుళాయి, పెట్రోలు ఒకేసారి పోయాయి. పాల ప్యాకెట్ దొరకడమే గగనమైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచితే, నడుం లోతు నీళ్లలో నిలబడ్డ జనం తాగునీటి సీసా కోసం చేతులు చాచారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు దింపారు. దేశాలు వేరైనా తెగే వరుస ఇంచుమించు ఒకటే: నీళ్లు, మురుగు, కరెంటు, కబురు, దారి. తిండి ఆ తర్వాత. ఎందుకంటే మామూలు ఇంట్లో నాలుగు రోజుల తిండి ఏదో ఒక రూపంలో ఉండనే ఉంటుంది. నాలుగు రోజుల నీళ్లు ఉండవు.

పొట్లం విప్పి చూస్తే

అయినా బజారులో ముందు వరుస ఫ్రీజ్ డ్రైడ్ భోజనానిదే కాబట్టి దాన్నే ముందు చూద్దాం. వండిన పదార్థాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఉంచి, మెల్లగా వేడి తగిలిస్తారు. ఒత్తిడి 6 మిల్లీబార్ల కంటే తక్కువకు పడిపోతే మంచు కరిగి నీరు కాకుండానే ఆవిరైపోతుంది. కూర ఆకారం, రంగు చెక్కుచెదరవు. నీళ్లు మాత్రం నూటికి రెండు మూడు పాళ్లే మిగులుతాయి. ముక్క లోపల నీరున్న చోట ఖాళీ రంధ్రాలు ఏర్పడతాయి గనుక మళ్లీ వేడినీళ్లు పోస్తే గబగబా పీల్చుకుంటుంది. ఆండీస్ కొండల రైతులు బంగాళాదుంపలను రాత్రి చలికి గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి ఏళ్ల తరబడి దాచుకున్నది ఇంచుమించు ఈ సూత్రంతోనే. రెండో ప్రపంచయుద్ధంలో రక్తపు ప్లాస్మాను ఇలాగే నిల్వచేసి రణరంగానికి పంపారు.

న్యూజిలాండ్‌లో ఈ సరుకుకు పెద్ద పేరు బ్యాక్ కంట్రీ క్విజీన్. దేశానికి దక్షిణపు కొసన, ఇన్వర్కార్గిల్‌లో తయారవుతుంది. రోస్ట్ ల్యాంబ్, బీఫ్ కర్రీ, హనీ సోయ్ చికెన్ మొదలుకుని యాపిల్ పై దాకా రకాలున్నాయి. శాకాహారులకు కూడా కొన్ని ఉన్నాయి. వాడకం సులువే. పొట్లం చింపి, లోపల ఆక్సిజన్ పీల్చే చిన్న సంచి ఉంటే తీసి పారేసి, మరిగే నీళ్లు కొలిచి పోసి, అడుగు మూలలకు చెంచా తగిలేలా కలిపి, జిప్పు మూసి పది నిమిషాలు ఆగాలి. ఆ మూలల సంగతి మరిస్తే చివరి ముద్దలో పొడి పిండి పళ్లకు అంటుకుంటుంది.

అసలు కిటుకు లేబుల్ వెనుక ఉంది. చిన్న పొట్లం 90 గ్రాములు, ఒకరికి. మామూలు పొట్లం 175 గ్రాములు, ఇద్దరికి అని రాసి ఉంటుంది. ఎండు భోజనం 175 గ్రాములంటే రకాన్ని బట్టి 700 నుంచి 800 కిలోక్యాలరీలు. ఇద్దరు పంచుకుంటే తలకు 400కు మించవు. పెద్ద మనిషికి రోజుకు 2000 అటూ ఇటూ కావాలి. కాబట్టి ఇద్దరి పొట్లం అన్నది నిజానికి ఆకలేసిన ఒక్కరి పొట్లం. హామిల్టన్‌కు చెందిన రాడిక్స్ న్యూట్రిషన్ ఈ విషయంలో సూటిగా ఉంటుంది. 400, 600, 800 అంటూ భోజనం పేరులోనే క్యాలరీలు చెప్పేస్తుంది. పదార్థాల నాణ్యత మీద దృష్టి ఎక్కువ, ధరా దానికి తగ్గట్టే ఎక్కువ. వానకాలో తయారయ్యే లోకల్ డీహై పూర్తిగా మొక్కల నుంచి వచ్చిన తిండి. కానీ అది ఫ్రీజ్ డ్రై కాదు, మామూలుగా వేడిగాలికి ఎండబెట్టినది. అలా ఎండబెట్టిన తిండి మెత్తబడడానికి సాధారణంగా ఎక్కువసేపు నానాలి.

నిల్వ కాలంలో అమెరికా సరుకుది పైచేయి. ఒరెగాన్‌లో తయారయ్యే మౌంటెన్ హౌస్ తన పొట్లాల రుచికి ముప్పై ఏళ్ల హామీ ఇస్తుంది. స్థానిక కంపెనీలు పెట్టుకున్న తేదీలు అంత దూరం పోవు. వాళ్ల మొదటి గిరాకీ కొండలెక్కే ట్రాంపర్లు మరి. అమెరికా నుంచి వచ్చే పెద్ద బకెట్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పైన వంద సర్వింగులు అని ఘనంగా రాసి, లోపల తీపి పానీయాల పొడి, పలచటి సూపులు లెక్కలో కలిపేసే కంపెనీలున్నాయి. సర్వింగుల సంఖ్యను వదిలేసి మొత్తం క్యాలరీలను 2000తో భాగిస్తే అసలు ఎన్ని రోజుల తిండో తేలిపోతుంది.

ఇంట్లో బరువుతో పనేమిటి

ఇక డబ్బు లెక్క. ఇద్దరి పొట్లం దాదాపు 15 న్యూజిలాండ్ డాలర్లు. ఒకరికి రోజుకు 2000 కిలోక్యాలరీలు రావాలంటే 40 డాలర్లు అవుతుంది. నలుగురున్న ఇంటికి వారం రోజులకంటే ఖర్చు వెయ్యి డాలర్లు దాటుతుంది. ఆ డబ్బుతో కొంటున్నది ఏమిటి? తేలికదనం. మిల్ఫర్డ్ ట్రాక్ నడిచేవాడికి, అడవి గుడిసెలో రాత్రి గడిపేవాడికి వీపు మీద ప్రతి వంద గ్రాములూ బరువే; అక్కడ పొట్లానికి ఎంత పెట్టినా దండగ కాదు. ఇంటి అల్మరాకు వీపు లేదు. అక్కడ నిలవ ఉండే బఠానీ డబ్బా అరకిలో ఉంటే ఎవరికి నష్టం?

పైగా డబ్బాలోని తిండికి తన నీళ్లు తనలోనే ఉంటాయి. మూత తీసి చల్లగానే తినవచ్చు. ఫ్రీజ్ డ్రైడ్ పొట్లానికి దాదాపు అరలీటరు నీళ్లు కావాలి, అవి మరగాలి. పోసిన నీళ్లు ఎలాగూ కడుపులోకే పోతాయి కాబట్టి దండగ అనలేం. కానీ నీళ్లూ పొయ్యీ రెండూ లేని రోజునే ఈ పొట్లం అక్కరకు వస్తుందనుకుని కొన్నవాడికి ఆ రోజున అది గట్టి చిప్స్ ప్యాకెట్టే.

మధ్యేమార్గం ఓడల లైఫ్‌బోట్లలో ఉంచే రేషన్ బార్లు. ఎస్ఓఎస్, డేట్రెక్స్ వంటివి 3600 కిలోక్యాలరీల ఇటుకల్లా వస్తాయి. అయిదేళ్లు నిల్వ ఉంటాయి, వండక్కర్లేదు, దాహం పెంచకుండా ఉప్పు తక్కువ వేస్తారు. రుచి తియ్యటి బిస్కెట్ పిండిని ముద్ద చేసినట్టుంటుంది. రోజంతా అదే తినమంటే పిల్లలు మారాం చేస్తారు. అయినా భుజాన వేసుకుని పరుగెత్తే సంచిలోకి ఇంతకంటే తగిన తిండి లేదు.

తెలుగింటి వంటగదికి ఈ పోటీలో తెలియకుండానే మంచి స్థానం ఉంది. అటుకులు చల్లటి నీళ్లలో నానితే చాలు. కిలో అటుకుల్లో దాదాపు 3500 కిలోక్యాలరీలు ఉంటాయి, ధర కొద్ది డాలర్లు. మరమరాలు, వేయించిన శనగపప్పు, పల్లీలు, బెల్లం, ఖర్జూరం, జంతికలు, చెక్కలు, సున్నుండలు. ఏ ఒక్కదానికీ పొయ్యి అక్కర్లేదు. గాలి చొరబడకుండా మూసి వేడిచేసిన పప్పు, కూర పొట్లాలు ఆక్లండ్ శాండ్రింగ్‌హామ్ వీధిలోని ఏ భారతీయ దుకాణంలోనైనా దొరుకుతాయి. ఆ పద్ధతికి భారత్‌లో బాట వేసింది సైన్యం కోసం పనిచేసిన మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల. అవి ముందే ఉడికినవి కాబట్టి చల్లగా తిన్నా ప్రమాదం లేదు. ఆవకాయ, పొడులు ఉండనే ఉన్నాయి. కాకపోతే నీళ్లు కొలిచి తాగే రోజుల్లో ఉప్పూ కారం ఎక్కువైతే దాహం ఎక్కువవుతుందన్నది గుర్తుంచుకోవాలి. బియ్యం బస్తా ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లు ఒకటి ఆలోచించాలి. కడగడానికి, ఎసరుకు నీళ్లు, ఉడకడానికి ఇరవై నిమిషాల మంట కావాలి. బియ్యం అయిదో రోజు సరుకు. మొదటి రోజు సరుకు అటుకులు.

నీళ్లు: మూడు లీటర్లా, ఇరవై లీటర్లా

జాతీయ అత్యవసర నిర్వహణ సంస్థ, అందరూ నీమా అని పిలిచేది, మనిషికి రోజుకు కనీసం మూడు లీటర్ల తాగునీరు మూడు రోజులకో అంతకు మించో దాచుకోమంటుంది. నలుగురికి 36 లీటర్లు. వెల్లింగ్టన్‌లో లెక్క మారిపోతుంది. అక్కడి అధికారులు చెప్పేది మనిషికి రోజుకు 20 లీటర్లు, ఏడు రోజులకు. నలుగురికి 560 లీటర్లు!

ఇంత తేడా ఎందుకంటే మూడు లీటర్లు ప్రాణం నిలవడానికి. ఇరవై లీటర్లు వంటకు, చేతులు కడుక్కోవడానికి, శుభ్రతకు కూడా కలిపి. ఏడు రోజులెందుకంటే వెల్లింగ్టన్‌కు నీళ్లు తెచ్చే పెద్ద గొట్టాలు భూమి చీలే గీతలను దాటుకుంటూ వస్తాయి. కైకోరా భూకంపం తర్వాత అక్కడ ఒక ప్రణాళిక వేశారు. బోర్ల దగ్గర, వాగుల దగ్గర అత్యవసర నీటి కేంద్రాలు ఏర్పాటు చేసి, ఎనిమిదో రోజు నుంచి ఇంటికి కిలోమీటరు లోపు మనిషికి 20 లీటర్లు అందేలా చూడాలన్నది లక్ష్యం. అంటే మొదటి ఏడు రోజులు ఎవరి నీళ్లు వారివే. అందుకే ఆ ప్రాంతపు కౌన్సిళ్లు వాననీరు పట్టే 200 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులను తక్కువ ధరకు జనానికి అమ్మాయి. ఈ సమీక్షలో డబ్బుకు తగిన విలువనిచ్చే వస్తువు ఏదంటే మొదటి మార్కు దానికే పడుతుంది.

స్థలం లేనివాళ్లకు ఇంట్లోనే ఒక ట్యాంకు దాగి ఉంది. వేడినీళ్ల సిలిండర్ సాధారణంగా 135 లేదా 180 లీటర్లది. గోడకు పట్టీలతో బిగించి ఉంటే భూకంపంలో పడిపోదు. కరెంటు కట్టేసి, నీళ్లు వచ్చే వాల్వు మూసి, చల్లారాక కింది నుంచి పట్టుకోవచ్చు. సొంత వేడినీళ్ల సిలిండర్ ఎక్కడుందో తెలియనివాళ్లు ఈ సాయంత్రమే వెతకడం మంచిది.

ఫిల్టర్ల మాటకొస్తే, సాయర్, లైఫ్‌స్ట్రా వంటి సన్నగొట్టాల ఫిల్టర్లు బ్యాక్టీరియాను, జియార్డియా వంటి పరాన్నజీవులను బాగా ఆపుతాయి. చాలా రకాలు వైరస్‌లను ఆపలేవు, రసాయనాలను అసలే ఆపలేవు. వరదనీటిలో సెప్టిక్ ట్యాంకుల మురుగు, తోటలకు కొట్టే మందులు, డీజిలు అన్నీ కలుస్తాయి గనుక ఫిల్టరుంది కదా అని ఆ నీళ్లు తాగడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. స్వచ్ఛమైన దేశమన్న పేరు చూసి మోసపోనవసరం లేదు. 2016 ఆగస్టులో హాక్స్ బేలోని హావ్‌లాక్ నార్త్‌లో గొర్రెల పేడ కలిసిన కుళాయి నీళ్లు తాగి 5 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. మరిగించడం అన్నిటికంటే మేలు. కుదరకపోతే వాసన కలపని మామూలు బ్లీచ్ లీటరుకు అయిదు చుక్కలు వేసి అరగంట ఆగమని ఇక్కడి ఆరోగ్యశాఖ సలహా. బ్లీచ్ సీసా ధర ఫిల్టరులో పదో వంతు కూడా ఉండదు.

రెండు బకెట్ల శాస్త్రం

ఎవరూ మాట్లాడడానికి ఇష్టపడనిది, క్రైస్ట్‌చర్చ్ నేర్పినది, టాయిలెట్ సంగతి. మురుగు గొట్టం విరిగిందో లేదో తెలియకుండా ఫ్లష్ చేస్తే పక్కింటి పెరట్లోనో, సొంత స్నానాలగదిలోనో అది పైకి తేలుతుంది. దుకాణంలో దొరికే మడత టాయిలెట్‌కు బదులు వెల్లింగ్టన్ అధికారులు చెప్పేది మూతలున్న రెండు పెద్ద బకెట్లు. ఒకటి మూత్రానికి, దాన్ని నీళ్లు కలిపి పచ్చిక మీద పలచగా పోయవచ్చు. రెండోది మలానికి, ప్రతిసారీ పైన గుప్పెడు రంపపు పొట్టో ఎండాకులో చల్లాలి. తడీ పొడీ విడిగా ఉంచితే వాసన, ఈగలు బాగా తగ్గుతాయి. రెండు బకెట్లు, చెత్త సంచులు, చేతులు శుభ్రం చేసుకునే ద్రావణం కలిపి ఖర్చు ముప్పై నలభై డాలర్లు. మూడు పొట్లాల ధర లోపే.

పొయ్యి, దీపం, కబురు

న్యూజిలాండ్ ఇళ్లలో వంట, వెచ్చదనం చాలావరకు కరెంటు మీదే నడుస్తాయి. మన దగ్గర ఇంటింటా కనిపించే ఇన్వర్టర్ ఇక్కడ అరుదు. డెక్ మీద ఉండే బార్బెక్యూ, దాని 9 కిలోల గ్యాస్ సిలిండర్ అసలైన అత్యవసర పొయ్యి. ఇంకొక సిలిండర్ నిండుగా ఉంచుకుంటే చాలు. అపార్ట్‌మెంట్ వాసులకు చిన్న క్యాంపింగ్ స్టవ్, 230 గ్రాముల గ్యాస్ డబ్బాలు సరిపోతాయి; ఒక్కో డబ్బాతో పదిపన్నెండు లీటర్లు మరిగించవచ్చు. ఏదైనా ఆరుబయటే వాడాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుగానీ గ్యాసుగానీ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపుతుంది.

దీపాల్లో తలకు పెట్టుకునే టార్చికి సాటి లేదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కొవ్వొత్తి వద్దు, భూకంపం తర్వాతి ప్రకంపనకు పడిపోతే ఇల్లు అంటుకుంటుంది. చేత్తో తిప్పే రేడియోలు చూడ్డానికి ముచ్చటగా ఉన్నా, చౌకరకాల్లో పిడి విరగడం, బ్యాటరీ నిలవకపోవడం మామూలే. మామూలు బ్యాటరీలతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్, విడి బ్యాటరీల ప్యాకెట్ నమ్మదగినవి. కారులో రేడియో ఉందన్న సంగతి చాలామంది మరచిపోతారు. ఫోన్‌ను గట్టిగా మోగించే అత్యవసర హెచ్చరికల వ్యవస్థ 2017 నవంబరు నుంచి పనిచేస్తోంది. టవర్ పడిపోతే అది మోగదు. 2024 డిసెంబరులో వన్ ఎన్‌జెడ్ కంపెనీ స్టార్‌లింక్ ఉపగ్రహాల ద్వారా సందేశాలు పంపే సేవ మొదలుపెట్టింది. ఆకాశం కనబడాలి, తగిన ఫోన్ ఉండాలి, అయినా గాబ్రియెల్ నాటి నిశ్శబ్దంతో పోలిస్తే పెద్ద ముందడుగు. కొండల్లో వాడే లొకేటర్ బీకన్ ట్రాంపర్లకు ప్రాణం పోసేదే అయినా, ఇంట్లో కూర్చున్నవాడికి పనికిరాని ఖర్చు.

ఇక 72 గంటల రెడీమేడ్ బ్యాక్‌ప్యాకులు. విప్పి చూస్తే వెండి కాగితం దుప్పటి, పలచటి రెయిన్‌కోటు, విరిస్తే వెలిగే కడ్డీ, ఈల, చిన్న టార్చి, రేషన్ బారు, మందుల డబ్బా. ఒక్కొక్కటీ పనికొచ్చేదే. లేనిది ఏమిటంటే ఆ ఇంటివారి మందులు, కళ్లద్దాలు, పాస్‌పోర్టు నకళ్లు, పసిబిడ్డ పాలపొడి, చిన్న నోట్లు. అవి ఏ కంపెనీ పెట్టి ఇవ్వలేదు. నీమా కూడా చెప్పేది ఇదే: కావలసినవాటిలో చాలా వస్తువులు ఇంట్లోనే ఉంటాయి, చీకట్లో దొరికేలా పెట్టుకోవడమే పని. తీరప్రాంతంలో ఉంటే సంచి తేలిగ్గా ఉండాలి. కంపనం నిమిషం దాటినా, నిలబడలేనంత బలంగా ఊపినా హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా మెరకకు నడవాలన్నది ఇక్కడి నియమం. రేషన్ బార్లు, ఒకటి రెండు ఫ్రీజ్ డ్రైడ్ పొట్లాలు అమరేది ఆ సంచిలోనే.

అద్దె ఇంట్లో, కొత్త ఊళ్లో

ఆక్లండ్, హామిల్టన్, వెల్లింగ్టన్ నగరాల్లో స్థిరపడుతున్న తెలుగు కుటుంబాల్లో చాలామందిది అద్దె ఇల్లు. అల్మరాలు గోడకు బిగించాలంటే ఇంటి యజమాని ఏమంటాడోనని జంకుతారు. 2021 ఫిబ్రవరి నుంచి చట్టం మారింది. ఫర్నిచర్‌ను భూకంపానికి పడిపోకుండా గోడకు బిగించడం లాంటి చిన్న మార్పులను యజమాని కాదనడానికి వీల్లేదు. రాతపూర్వకంగా అడిగితే 21 రోజుల్లో జవాబివ్వాలి. బ్రాకెట్లకయ్యే ఖర్చు ఇరవై డాలర్లు. ఏ పొట్లం కొనకముందే చేయవలసిన పని ఇది.

అన్నదమ్ములూ అత్తవారూ పక్క వీధిలో లేని ఊళ్లో పొరుగువారే బంధువులు. వెల్లింగ్టన్ ప్రాంతంలో వందకు పైగా సామాజిక అత్యవసర కేంద్రాలు ఉన్నాయి. బడిలోనో, హాల్లోనో ఉండే ఆ కేంద్రంలో రేడియో, పటాలు, ఎవరేం చేయాలో చెప్పే కాగితాలు ఉంటాయి. తిండి, దుప్పట్లు ఉండవు. ఎవరి దగ్గర ఏముందో, ఎవరికేం కావాలో కలుసుకుని తేల్చుకునే చోటు అది. అధికారిక కేంద్రాలే కాదు, 2020 కొవిడ్ లాక్‌డౌన్‌లో ఆక్లండ్ టాకానిని గురుద్వారా కూడా వేలాది కుటుంబాలకు సరుకులు పంచింది. దగ్గర్లో అలాంటి కేంద్రం ఏదో, కుడిపక్క ఇంటివారి పేరేమిటో తెలిసి ఉండడానికి ఖర్చేమీ లేదు.

ఏది ముందు కొనాలి

చేతిలో మూడొందల డాలర్లు ఉన్న నలుగురి కుటుంబానికి ఈ సమీక్ష చెప్పే వరుస ఇది. మొదట బ్రాకెట్లు. రెండోది నీళ్లు, వీలైతే 200 లీటర్ల ట్యాంకు, లేకపోతే శుభ్రంగా కడిగి నింపిన సీసాలు, పక్కన బ్లీచ్. మూడోది రెండు బకెట్లు. నాలుగోది తల టార్చి, ట్రాన్సిస్టర్, విడి బ్యాటరీలు, చిన్న నోట్లలో కొంత నగదు. అయిదోది బయట వాడే పొయ్యి, ఒక గ్యాస్ నిల్వ. ఆరోది వారం వారం వంటింటి సరుకులతో పాటు అదనంగా ఒక అటుకుల ప్యాకెట్టు, రెండు డబ్బాలు. పాతవి వాడుతూ కొత్తవి వెనక్కి పెడుతూ పోతే ఏదీ పాడవదు. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే ఫ్రీజ్ డ్రైడ్ పొట్లాలు కొనవచ్చు. ముందు ఒక్కటే కొని ఒక ఆదివారం క్యాంపింగ్ పొయ్యి మీద నీళ్లు మరిగించి పిల్లలకు తినిపించి చూడండి. నచ్చితే మరో నాలుగు సంచిలో వేయండి. నచ్చకపోతే ఆ డబ్బుతో ఇంకొక నీళ్ల క్యాను కొనండి.